ముత్యపు చిప్ప పుట్టగొడుగుల ఆరుబయటి పెంపకం

ముత్యపు చిప్ప పుట్టగొడుగు (శాస్త్రీయ నామం: ప్లూరోటస్) ఎండిన కర్ర, గడ్డి వంటి వాటిపై పెరిగే తినదగిన శిలీంధ్రం. టోపీ ఆకారం ముత్యపు చిప్పను పోలి ఉండటంవల్ల దీనికి ఈ పేరు వచ్చింది. ఆయిస్టర్ పుట్టగొడుగు అని కూడా అంటారు. దీని పెంపకానికి కంపోస్టు ఎరువు గాని, ఖరీదైన శీతల గదులు గాని అవసరం లేదు. అందువల్ల ఇంటి పెరటిలో, వసారాలో, చెట్టు నీడన వేసిన చిన్న పందిరి కింద కూడా దీనిని పెంచవచ్చు. ఈ వ్యాసం తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాను, ముఖ్యంగా రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఆరుబయటి పెంపకాన్ని వివరిస్తుంది. ఈ ప్రాంతంలో గడ్డికి కొరత లేదు. కష్టమంతా ఎండతోను, ధూళితోను వస్తుంది.

పేరు, జాతులు

తెలుగులో పుట్టగొడుగు అన్న మాట పుట్టలపై గొడుగులా మొలిచేదానికి పుట్టింది. తొలకరి వానలకు చెదపుట్టల దగ్గర మొలిచే ఆ జాతి (టెర్మిటోమైసిస్) వేరు, ముత్యపు చిప్ప జాతి వేరు. మొదటిది చెదపురుగుల సహవాసంలోనే బ్రతుకుతుంది కాబట్టి దానిని ఇంటిలో పెంచటం సాధ్యం కాలేదు. రెండవది చచ్చిన కర్రలోని సెల్యులోజును, లిగ్నిన్‌ను జీర్ణించుకొని పెరుగుతుంది. తినకూడని వాటిని వాడుకలో కుక్కగొడుగులు అంటారు.

మన దేశంలో ఎక్కువగా పెంచేవి తెల్లని ప్లూరోటస్ ఫ్లోరిడా, బూడిద రంగు గల ప్లూరోటస్ సాజర్-కాజు, గులాబి రంగు గల ప్లూరోటస్ ఇయోస్. ఫ్లోరిడా చలికాలానికి అనుకూలం. మిగిలిన రెండూ కొంత ఎక్కువ వేడిని తట్టుకుంటాయి.

చరిత్ర

ఈ పుట్టగొడుగును మొదట 1917లో జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రవేత్త చెట్ల మొద్దులపై పెంచాడు. అనగా దీని పెంపకం ఆరుబయటనే మొదలయినది. భారతదేశంలో 1962లో మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థకు చెందిన బానో, శ్రీవాస్తవ వరిగడ్డిపై పెంచే పద్ధతిని ప్రకటించారు. మొద్దుల నుండి గడ్డికి మారటమే వరి పండే ప్రాంతాలకు ఈ పంటను దగ్గర చేసింది. 1983లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో పుట్టగొడుగుల పరిశోధనకు జాతీయ కేంద్రం ఏర్పడింది.

స్థానిక పరిస్థితులు

పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుండి విడిపోయి ఏర్పడింది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాలువల కింద వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి సాగవుతుంది. నల్లరేగడి నేలల్లో పత్తి పండుతుంది. యంత్రాలతో కోత మొదలయిన తరువాత చాలా గడ్డి పొలంలోనే మిగిలిపోయి కాల్చివేతకు గురవుతున్నది. ఆ గడ్డిలో కొంత భాగమైనా పుట్టగొడుగులకు పనికివస్తుంది. చేతికోత గడ్డి నలగకుండా నిలువుగా ఉంటుంది కాబట్టి దానికే ప్రాధాన్యం ఇవ్వాలి. పత్తికట్టె ముక్కలు కూడా మంచి ఆధారమే గాని, పత్తికి పురుగుమందులు ఎక్కువగా కొడతారు. పంట చరిత్ర తెలియని కట్టెను వాడకపోవటం మేలు.

రామగుండం రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటి. మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఉంటాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు కావలసినది 20 నుండి 30 డిగ్రీల వేడి, గాలిలో 80 నుండి 85 శాతం తేమ. ఈ లెక్కన మార్చి నుండి జూన్ మొదటి వానల వరకు ఆరుబయట ఈ పంట వేయటం వృథా ప్రయాస. జూలై నుండి సెప్టెంబరు వరకు సాజర్-కాజు లేదా గులాబి రకం, అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ఫ్లోరిడా వేసుకోవచ్చు. వానాకాలంలో తేమ దానంతట అదే దొరుకుతుంది, కాని ఈగలు, బూజు ఎక్కువ. చలికాలంలో రోగాలు తక్కువ, కాని పొడిగాలివల్ల నీరు తరచుగా చల్లాలి. మొదటిసారి పెంచేవారికి చలికాలమే నయం.

వేసవిలో పెంచదలచినవారు పాల పుట్టగొడుగు (కెలోసైబ్ ఇండికా) వైపు చూడాలి. అది 30 డిగ్రీలు దాటిన వేడిలోనూ కాస్తుంది. అయితే గడ్డి పరుపుపై మట్టి పొర వేయవలసి ఉంటుంది, అదీ పూర్తిగా వేరే పద్ధతి.

భూగర్భ గని చీకటిగా, తేమగా ఉంటుంది కదా, అక్కడ పెంచరాదా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో సహజం. పారిస్ పరిసరాల్లోని పాత సున్నపురాతి గనుల్లో 19వ శతాబ్దంలో బటన్ పుట్టగొడుగులను పెద్ద ఎత్తున పెంచిన మాట నిజమే. బొగ్గు గని సంగతి వేరు. అక్కడ మీథేన్ వాయువు, బొగ్గుధూళి ఉంటాయి. లోతు పెరిగినకొద్దీ వేడి కూడా పెరుగుతుంది.

ఆరుబయట ఎందుకు

ముత్యపు చిప్ప పుట్టగొడుగు ముదిరినప్పుడు టోపీ కింది మొప్పల నుండి లెక్కలేనన్ని సిద్ధబీజాలను వదులుతుంది. కింది పుట్టగొడుగులపై తెల్లని పిండి రాలినట్లు కనిపించేది ఇదే. మూసిన గదిలో ఈ సిద్ధబీజాలను రోజూ పీల్చేవారికి కొందరిలో ఊపిరితిత్తుల అలర్జీ వస్తుంది. పని చేసిన కొన్ని గంటల తరువాత జ్వరం, పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తాయి. పెంపకందారులలో ఈ వ్యాధి అనేక దేశాల్లో నమోదయినది.

బొగ్గుగనుల ప్రాంతంలో ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు. ఏళ్ళ తరబడి బొగ్గుధూళి పీల్చినవారికి వచ్చే న్యుమోకోనియోసిస్ చట్టరీత్యా ప్రకటిత వ్యాధి. పదవీ విరమణ చేసిన గని కార్మికుడు ఉన్న ఇంట్లో, అతనికి ఆయాసం గాని పాత దగ్గు గాని ఉంటే, పడకగది పక్కన ఖాళీగా ఉన్న గదిలో పుట్టగొడుగులు పెంచటం తగదు. గాలి ఆడే పెరటి పందిరి ఇందుకు సరైన చోటు. అక్కడ కూడా కోత పని ఆరోగ్యవంతులు చేయాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. టోపీ అంచులు పైకి విచ్చుకోకముందే కోస్తే సిద్ధబీజాలు చాలావరకు రాలవు. రుచి కూడా అప్పుడే బాగుంటుంది.

ఆరుబయట ఇంకొక లాభం ఉన్నది. గాలి ఆడని గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని కాడలు పొడవుగా సాగి టోపీలు చిన్నవవుతాయి. పందిరి కింద ఆ ఇబ్బంది ఉండదు.

చోటు ఎంపిక

ఆరుబయట అంటే ఎండలో అని అర్థం కాదు. ఎండ నేరుగా ఒక గంట తగిలినా మొగ్గలు మాడిపోతాయి. వేప, మామిడి వంటి చెట్టు నీడన గాని, ఇంటికి ఉత్తరపు గోడ పక్కన గాని, తాటాకు లేదా గడ్డి కప్పుతో చిన్న పందిరి వేసుకోవాలి. రేకుల కప్పు పనికిరాదు. నాలుగు వైపులా గోనె పట్టాలు వేలాడదీసి తడుపుతూ ఉంటే లోపల వేడి తగ్గుతుంది. అడుగున ఇసుక పరిచి దానిని తడిగా ఉంచితే తేమ నిలుస్తుంది. పుస్తకం చదవగలిగినంత వెలుతురు ఉంటే చాలు.

బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన, ఓపెన్‌కాస్టు గని సమీపంలో పందిరి వేయరాదు. పుట్టగొడుగులు తాము పెరిగే ఆధారం నుండి కాడ్మియం, సీసం, పాదరసం వంటి లోహాలను గ్రహించి తమలో నిలువ చేసుకుంటాయి. పై ధూళిని కడిగినంత మాత్రాన లోపల చేరినది పోదు. ఇదే కారణంచేత విద్యుత్కేంద్రం బూడిదను పందిరి నేలకు పరచటం, రోడ్డు పక్కన ఆరబెట్టిన గడ్డిని వాడటం మానుకోవాలి.

పెంచే విధానం

ఆ సంవత్సరపు పంట నుండి వచ్చిన, వానకు తడవని, బంగారు రంగు గల ఎండుగడ్డిని తీసుకొని 3 నుండి 5 సెంటీమీటర్ల ముక్కలుగా నరకాలి. నల్లబడిన గడ్డి, ముక్క వాసన వచ్చే గడ్డి వద్దు. ముక్కలను గోనె సంచిలో నింపి రాత్రంతా మంచినీటిలో నానబెట్టాలి. మరునాడు నీరు వంచి, సుమారు 80 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ముంచి ఉంచాలి. నీరు మరగవలసిన పని లేదు, అడుగున బుడగలు లేచి ఆవిరి గట్టిగా వస్తుంటే చాలు. దీనివల్ల గడ్డిలోని ఇతర బూజులు చాలావరకు నశిస్తాయి. బొగ్గు పొయ్యి వాడేవారు దానిని బయటనే పెట్టుకోవాలి, మూసిన చోట దాని పొగ ప్రాణాంతకం. కార్బెండజిమ్, ఫార్మలిన్ ద్రావణంలో నానబెట్టే పద్ధతి పెద్ద పెంపకందారులలో ఉన్నది. ఇంటిలో తినటానికి పెంచుకునేవారికి వేడినీరే ఉత్తమం.

తరువాత గడ్డిని శుభ్రమైన పట్టాపై నీడలో ఆరబెట్టాలి. ఎంత ఆరాలి అన్నదే ఈ పనిలో అసలు నేర్పు. గుప్పెడు గడ్డిని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి, చేయి మాత్రం తడిగా ఉండాలి. నీరు ధారగా కారితే గడ్డి కుళ్ళుతుంది. చుక్క కూడా రాకుంటే విత్తనం పాకదు. ఈ దశలో గడ్డిలో 65 నుండి 70 శాతం తేమ ఉన్నదని అర్థం. పంట పోయినవారిలో చాలామంది తొందరపడి తడిగడ్డిని నింపినవారే.

పుట్టగొడుగు విత్తనాన్ని స్పాన్ అంటారు. ఇది ఉడికించిన జొన్న లేదా గోధుమ గింజలపై పెంచిన శిలీంధ్రపు దారాల ముద్ద. గింజలు తెల్లగా ఉండాలి. పచ్చని, నల్లని మచ్చలు ఉన్న ప్యాకెట్టు తీసుకోరాదు. విత్తనం, శిక్షణ గురించి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గాని, జిల్లాలోని రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గాని విచారించవచ్చు. ఒక కిలో ఎండుగడ్డికి సుమారు 100 గ్రాముల విత్తనం కావాలి. పాలిథీన్ సంచిలో నాలుగు వేళ్ళ మందాన గడ్డి పరచి, అంచుల వెంబడి విత్తనం చల్లి, మళ్ళీ గడ్డి వేస్తూ నాలుగైదు వరుసలు నింపాలి. ప్రతి వరుసను అదిమి, మూతి కట్టి, చుట్టూ పది పన్నెండు చిన్న రంధ్రాలు చేయాలి.

సంచులను చీకటిగా ఉన్న మూలన 15 నుండి 20 రోజులు కదపకుండా ఉంచాలి. ఈ దశలో నీరు పోయనక్కరలేదు. తెల్లని దారాలు గడ్డి అంతటా అల్లుకొని ముద్దగా బిగిసిన తరువాత సంచిని పందిరి కిందికి మార్చి, ఉట్టిలా తాళ్ళతో వేలాడదీసి, పాలిథీన్‌ను చీల్చాలి లేదా తీసివేయాలి. అప్పటి నుండి రోజుకు రెండు మూడు సార్లు సన్నని తుంపరగా నీరు చల్లాలి. మూడు నుండి ఐదు రోజులలో గుండుసూది తలల వంటి మొగ్గలు వస్తాయి. మరి రెండు మూడు రోజులకు కోతకు సిద్ధమవుతాయి. కత్తితో కోయక గుత్తిని చేతితో మెల్లగా మెలిపెట్టి తీయాలి, మిగిలిన మొదలు కుళ్ళకుండా ఉంటుంది. కోసిన తరువాతనే నీరు చల్లాలి. వారం, పది రోజుల తేడాతో రెండవ, మూడవ కాపు వస్తుంది. కిలో ఎండుగడ్డికి అన్ని కాపులూ కలిసి అర కిలో నుండి ముప్పాతిక కిలో వరకు పచ్చి పుట్టగొడుగులు రావటం సాధారణం.

ఫాల్క్ పద్ధతిలో మొద్దులకు రంధ్రాలు చేసి విత్తనం నింపి నీడన ఉంచటం చల్లని దేశాల్లో ప్రసిద్ధం. ఇక్కడ నేలపై పడవేసిన మొద్దుకు పుట్టగొడుగుల కంటే ముందు చెదలు పడతాయి.

చీడపీడలు, ప్రమాదాలు

గడ్డిపై పచ్చని బూజు (ట్రైకోడెర్మా) కనిపిస్తే ఆ సంచిని దూరంగా తీసివేయాలి. నల్లని సన్న ఈగలు మొప్పలలో గుడ్లు పెడతాయి. వాటికి మందు కొట్టకుండా సన్నని వల కట్టటం మేలు. కోళ్ళు గడ్డిని గీకివేస్తాయి, నత్తలు రాత్రిపూట టోపీలు తింటాయి, కోతులు సంచులనే ఎత్తుకుపోతాయి. ఎరువుల కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి గుప్పెడు యూరియా కలిపితే ఎక్కువ కాస్తుందని కొందరికి అనిపించవచ్చు. అలా చేస్తే పెరిగేది కలుపు. నత్రజని ఎక్కువైన గడ్డిపై సన్నని కాడతో, ఒక్కరోజులో సిరాలా నల్లగా కరిగిపోయే కాప్రైనస్ గొడుగులు మొలుస్తాయి.

ఆరుబయటి పెంపకంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇటువంటి పరాయి గొడుగులే. వానాకాలంలో పందిరి నేలపై, గడ్డి కుప్పపై, సంచి అడుగున కూడా అవి రావచ్చు. ముత్యపు చిప్ప జాతి గుత్తిగా వస్తుంది, దాని కాడ పొట్టిగా సాధారణంగా ఒక పక్కకు ఉంటుంది, మొప్పలు కాడ మీదికి జారి ఉంటాయి, కాడకు ఉంగరం గాని అడుగున తిత్తి గాని ఉండదు. ఈ లక్షణాలతో సరిపోలని దేనినీ, విత్తనం వేసిన గడ్డి నుండి కాక నేల నుండి మొలిచిన దేనినీ తినరాదు. వెండి నాణెంతోనో, పసుపుతోనో ఉడికించి విషాన్ని గుర్తించవచ్చన్న నమ్మకానికి ఆధారం లేదు. విషపు గొడుగులు కొన్ని తిన్న ఆరు గంటల తరువాత గాని వాంతులు, విరేచనాలు మొదలు కావు. అప్పటికే కాలేయానికి హాని జరుగుతూ ఉంటుంది కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, మిగిలిన గొడుగు ముక్క ఉంటే వెంట తీసుకువెళ్ళాలి.

నిలువ, ఉపయోగాలు

పచ్చి పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీరే ఉంటుంది. ఎండిన పదార్థంలో మాంసకృత్తులు, పీచు, బి విటమిన్లు గణనీయంగా ఉన్నాయి. ఎండ తగిలినప్పుడు దీనిలోని ఎర్గోస్టెరాల్ విటమిన్ డి2గా మారుతుంది. కోసినవి బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలువ ఉంటాయి. పలుచని బట్ట కప్పి ఎండబెడితే బరువు పదో వంతుకు తగ్గి నెలల తరబడి ఉంటాయి. వాటిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి కూరకు వాడుకోవచ్చు. పచ్చివిగా తినరాదు, బాగా ఉడికించాలి. మొదటిసారి తినేవారు కొద్దిగా తిని చూడటం మంచిది. కాపు అయిపోయిన గడ్డిని వానపాముల ఎరువుకు, పూలమొక్కల పాదులకు వాడతారు.