పునాది తవ్వినవాళ్ళ పేర్లు: లైనక్స్ పాత చరిత్ర ఏమైంది?

ఈ వారం ఎపిసోడ్‌లో ఒక తేదీని హడావుడిగా చెప్పి వదిలేశాను. దాని గురించి ఇక్కడ తీరిగ్గా రాస్తాను. ఆ తేదీ 2005 ఏప్రిల్ 16.

మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని అడుగున లైనక్స్ కెర్నెల్ ఉంటుంది. ఆ కెర్నెల్ కోడ్ దింపుకుని ఏదైనా పాత ఫైల్ మీద 'గిట్ బ్లేమ్' నడపండి. ఒక్కో లైను పక్కన, దాన్ని చివరిసారి ఎవరు ఎప్పుడు మార్చారో వస్తుంది. బాగా పాత లైన్ల పక్కన మాత్రం ఒకటే పేరు, ఒకటే తేదీ: లైనస్ టోర్వాల్డ్స్, 2005 ఏప్రిల్ 16. మొదటిసారి చూసినప్పుడు, ఇదంతా ఈయనొక్కడే ఒక్క రోజులో రాశాడా అని నోరెళ్ళబెట్టాను. కాదు. చరిత్ర అక్కడ తెగిపోయింది, అంతే. దానికి ముందు దాదాపు 14 ఏళ్ళ పని ఉంది, ఎంతోమంది పేర్లున్నాయి.

లైనక్స్ 1991లో ఫిన్లాండ్‌లో మొదలైంది. మొదటి పదేళ్ళూ లైనస్ వెర్షన్ కంట్రోల్ వాడలేదు. మార్పులు ఈమెయిల్లో వచ్చేవి. నచ్చినవి కలుపుకుని, మొత్తం కోడ్‌ని ఒక మూటగా కట్టి కొత్త వెర్షన్ అని విడుదల చేసేవాడు. రెండు మూటల మధ్య తేడా తెలుస్తుంది. ఏ మార్పు ఎవరు ఎందుకు చేశారో తెలియాలంటే పాత ఈమెయిళ్ళు తవ్వుకోవాల్సిందే.

2002లో బిట్‌కీపర్ అనే ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ ప్రతి మార్పుకీ పద్దు ఉంది. ఆ పద్దు విలువ 2003 నవంబరులో తెలిసొచ్చింది. బిట్‌కీపర్ వద్దనుకునేవాళ్ళ కోసం కోడ్‌కి సీవీఎస్‌లో ఇంకో నకలు ఉండేది. ఎవరో ఆ నకల్లోకి దొంగతనంగా రెండు లైన్లు దూర్చారు. చూడటానికి మామూలు తనిఖీలా ఉంటుంది. కానీ రెండు '=' గుర్తులు ఉండాల్సిన చోట ఒక్కటే పెట్టారు, దాంతో దాన్ని సరిగ్గా వాడుకున్నవాడికి కంప్యూటర్ మీద పూర్తి అధికారం వచ్చేస్తుంది. ఎలా దొరికింది? ఆ మార్పుకి బిట్‌కీపర్‌లో పద్దు లేదు. చిట్టాలో లేనిది ఆవర్జాలో కనిపిస్తే గుమాస్తా పట్టుకోడా, అలా అన్నమాట.

తర్వాత ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్‌తో మాట్లాడగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాయబోవడంతో గొడవ ముదిరింది. 2005 ఏప్రిల్‌లో ఉచితంగా వాడుకునే అనుమతిని కంపెనీ వెనక్కి తీసుకుంది. ఏప్రిల్ 3న లైనస్ సొంతంగా గిట్ రాయడం మొదలుపెట్టాడు. 16న కెర్నెల్‌ని, 2.6.12-ఆర్‌సీ2 వెర్షన్‌ని, అందులో పెట్టాడు. మొదటి కమిట్ సందేశంలోనే ఆయన ఒప్పుకున్నాడు: పూర్తి చరిత్ర మా దగ్గర ఉంది, అయినా ఎక్కించట్లేదు, గిట్‌లోకి తెస్తే 3.2 జీబీ అవుతుంది, కావాలంటే తర్వాత విడిగా పెట్టుకోవచ్చు అని.

ఆయన్ని తప్పుపట్టలేను. పనిముట్టు పుట్టి రెండు వారాలు కాలేదు, దాని మీద అంత బరువు ఎలా పెడతాడు? పైగా గిట్‌లో మామూలుగా కాపీ తీసుకున్న ప్రతివాడికీ చరిత్ర మొత్తం వస్తుంది.

తర్వాత థామస్ గ్లైక్స్‌నర్ 2002 నుంచి 2005 దాకా ఉన్న బిట్‌కీపర్ చరిత్రని గిట్‌లోకి మార్చి విడిగా పెట్టాడు. దాన్ని అసలు దానికి ముందు అతికించేయొచ్చు కదా అంటారేమో. కుదరదు. ప్రతి కమిట్ గుర్తింపు సంఖ్యలో దాని తల్లి కమిట్ సంఖ్య కూడా కలిసి ఉంటుంది. మొదట్లో ఒకటి చేరిస్తే ఆ తర్వాతవన్నీ మారిపోతాయి. అందుకని కావలసినవాళ్ళు 'గిట్ రీప్లేస్'తో తమ కాపీలో మాత్రం కలిపి చూసుకుంటారు. అప్పుడు 2005 తేదీ వెనక అసలు పేర్లు బయటికొస్తాయి. 2002కి ముందువి మాత్రం అలా రావు. రాసిపెట్టని దాన్ని ఎవరు తెస్తారు?

నేను పనిచేసిన ఒకచోట, కొత్తగా శుభ్రంగా మొదలెడదామని పాత చరిత్ర చెరిపేశారు. కోడ్‌లో అర్థంకాని ఒక తనిఖీ కనిపించింది. ఎవరిని అడిగినా తెలీదన్నారు. అనవసరం అనుకుని తీసేశాను. నెలాఖరున బిల్లులు రెండేసిసార్లు వెళ్ళాయి. ఆ తనిఖీ పెట్టినాయన ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడు. ఎందుకు పెట్టాడో కమిట్ సందేశంలో రాసే ఉంటాడు. ఆయన మాట మేమే చెరిపేసుకున్నాం.

ఊరు వదిలొచ్చి పని చేసుకునే మనకి ఇది కొత్త కాదు. బిల్డింగ్ మీద ఓనర్ పేరుంటుంది, పునాది తవ్వినవాడి పేరుండదు. కోడ్‌లో ఆ పేరు నిలపడానికి అయ్యే ఖర్చు కాస్త డిస్కు జాగా. అంత బరువు మోయలేని రోజు వస్తే, లైనస్ చేసినట్టు చేయండి. పాతదాన్ని పక్కన భద్రంగా ఉంచండి, అది ఉందన్న మాట కొత్తదాని మొదటి కమిట్‌లోనే రాయండి. వెనకొచ్చేవాడు వెతుక్కుంటాడు.