ఎదురు పేజీ ఖాళీగా ఉంచండి

కడప ఎండకు తాటాకు పెళుసెక్కుతుంది. పట్టు తప్పితే అంచు రాలిపోతుంది, అంచుతో పాటు అక్షరమూ పోతుంది. కాబట్టి అక్కడి ఒక బంగళాలో పని పొద్దున్నే మొదలయ్యేదని అనుకుందాం.

హాలు మధ్యలో చాప. చాప మీద లేఖకుడు. అతని ముందు కుట్టిన కాగితాల పుస్తకం. ఒక పేజీలో పద్యం, పద్యానికో అంకె. ఎదురు పేజీ ఖాళీ. చుట్టూ అదే కావ్యానికి పదీ పన్నెండు తాళపత్ర ప్రతులు. అన్నీ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవే. ఒక పక్కన ముగ్గురు పండితులు. వాళ్లకు ఎదురుగా, ఇంకా ముప్పై ఏళ్లు నిండని ఇంగ్లీషు దొర.

"పద్యం నూట పన్నెండు. మూడో పాదం," అని లేఖకుడు చదివాడు.

"నా దాంట్లో ఈడ 'ప' ఉంది సామీ."

"నా దాంట్లో 'స'."

"నా ఆకు ఈడికి పురుగు తినేసింది."

ఛందస్సు తెలిసిన శాస్త్రిగారు వేళ్ల మీద గణాలు లెక్కబెట్టారు. "ఇది ఆటవెలది. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి పడాల. పాదం 'చ'తో మొదలైంది. 'స' అయితే పడుతుంది, 'ప' పడదు."

"ఎక్కువ ప్రతుల్లో 'ప' ఉంది కదా, శాస్త్రిగారూ?"

"ఒక్కడు తప్పు రాస్తే, దాన్ని చూసి పదిమంది రాసినారు దొరగారూ. తలకాయలు లెక్కబెడితే ఎట్లా?"

దొర మిగతా ఇద్దరి వైపు చూశాడు. వ్యాకరణ పండితుడు తలూపాడు. సంస్కృత పండితుడు కాసేపు ఆలోచించి, అర్థం కూడా 'స'తోనే కుదురుతుందన్నాడు. లేఖకుడు 'స' రాశాడు. ఓడిపోయిన 'ప'ను కొట్టిపారేయలేదు. ఏ ప్రతిలో ఉందో గుర్తు పెట్టి, దాన్ని ఎదురు పేజీలోకి ఎక్కించాడు.

ఈ మాటలు నేను కట్టినవి. పద్ధతి మాత్రం కట్టింది కాదు. ఒక కావ్యానికి దాదాపు డజను ప్రతులు సేకరించడం, పేజీ విడిచి పేజీ ఖాళీ ఉంచి శుద్ధప్రతి రాయించడం, ముగ్గురు పండితులను కూర్చోబెట్టి, కోర్టులో సాక్ష్యాన్ని తూచినట్టు ఒక్కో పాఠాన్ని తూచి నిర్ణయించడం, ఇదంతా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన పని గురించి తానే రాసిపెట్టిన సంగతి.

బ్రౌన్ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు చేరి, ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చారు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ కింద ఉద్యోగిగా వచ్చారు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప. నిఘంటువు, వేమన, ఇవి బడిపిల్లలకూ తెలుసు. ఒక దొర తెలుగును బతికించాడని మనం కృతజ్ఞతతో చెప్పుకుంటాం. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. అయితే ఆ మాటలో ఒక లోటు ఉంది. ఒక మనిషి వల్ల జరిగిందనుకున్నప్పుడు, ఎలా జరిగిందో అడగడం మానేస్తాం.

ఎలా జరిగిందో నాకు పట్టించింది మా అక్క కొడుకు. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనరు. సంక్రాంతికి వచ్చినప్పుడు తన పని చెప్పుకున్నాడు. కంపెనీలో పది టీములు. ఒకే యాప్‌లో పదిమంది పది రకాల బటన్లు గీస్తారు. ఒకరు 'సేవ్' అంటే ఇంకొకరు 'సబ్మిట్' అంటారు. వాడేవాళ్లకు తికమక, సరిదిద్దేవాళ్లకు నరకం. దానికి మందుగా డిజైన్ సిస్టమ్ అని ఒకటి పెట్టుకుంటారట. ఏ ముక్క ఎలా ఉండాలి, దాని పేరేమిటి, మార్చాలంటే ఎవరిని అడగాలి, ఎందుకు మార్చారో ఎక్కడ రాయాలి, అన్నీ ఒక చోట. "గీయడం సులభమే మామా. పదిమందిని ఒప్పించడమే పని. ఒప్పుకున్నది ఎందుకు ఒప్పుకున్నామో ఆర్నెల్లకు ఎవరికీ గుర్తుండదు," అన్నాడు.

కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా ఉన్న చోటికి వాణ్ణి తీసుకుపోయి, ఆ ఖాళీ పేజీ సంగతి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

తాళపత్రం సంగతి తెలిస్తే ఆ పేజీ విలువ అర్థమవుతుంది. తాటాకు మీద పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. గంటంతో గీసేటప్పుడు ఒక చిన్న వంపు తగ్గితే 'స' కాస్తా 'ప' అవుతుంది. కింద ఒత్తు మరిచిపోతే 'ధ' 'ద' అవుతుంది. రాసేవాడు తనకు తెలిసిన మాటను కవి మాట స్థానంలో పెట్టేస్తాడు. రెండు మూడు వందల ఏళ్లు ఇలా చేతులు మారిన కావ్యంలో ఏది కవిది, ఏది లేఖకుడిది? ఒక మహాపండితుణ్ణి అడిగితే తనకు నచ్చినదే కవిది అంటాడు. ఇంకో మహాపండితుడు ఇంకోటి అంటాడు. ఇద్దరూ గొప్పవాళ్లే. పుస్తకం మాత్రం తేలదు.

బ్రౌన్ బంగళాలో ఎవరి గొప్పతనమూ తగ్గలేదు. గొప్పతనానికి ఒక వరుస మాత్రం ఏర్పడింది. ముందు ప్రతులు మాట్లాడాలి. తర్వాత ఛందస్సు. తర్వాత వ్యాకరణం, అర్థం. యతి పట్టివ్వలేని తప్పులూ ఉంటాయి: 'ప'కూ 'వ'కూ యతిమైత్రి ఉంది కాబట్టి, ఆ రెండింటి మధ్య గొడవ వస్తే ఛందస్సు చేతులెత్తేస్తుంది, అర్థమే తీర్పు చెప్పాలి. ఎక్కడ ఏ పరీక్ష పనికొస్తుందో తెలిసినవాళ్లు ముగ్గురూ ఒకే గదిలో ఉండాలి. అందుకే ముగ్గురు.

తేదీల్లో ఇంకో సంగతి కనబడుతుంది. బ్రౌన్‌కు వేమన దొరికింది 1824లో, మచిలీపట్నంలో ఉన్నప్పుడు, ఫ్రెంచి మతగురువు దుబ్వా రాసిన పుస్తకం ద్వారా. వేమన పద్యాలు అచ్చయింది 1829లో. మధ్యలో, 1827లో, ఆయన అచ్చు వేసింది తెలుగు, సంస్కృత ఛందస్సు మీద పుస్తకం. పద్యాన్ని సరిచూసే కొలబద్ద ముందు, పద్యాలు తర్వాత. ఇది కావాలని వేసిన వరుసో కాదో గాని, పని తెలిసినవాడి వరుస అని మాత్రం నేను నమ్ముతాను.

1829 నాటి వేమనలో 693 పద్యాలు. 1839లో రెండో కూర్పు వచ్చేసరికి 1164. మొదటి పుస్తకంతో పని అయిపోలేదు. కొత్త ప్రతులు వస్తే కొత్త కూర్పు. పండితులు చాలామంది మోటు అని పక్కన పెట్టిన కవిని, ప్రబంధానికి చేసిన శ్రద్ధతోనే పరిష్కరించారు. ఏ పనికైనా పద్ధతి ఒక్కటే కావడం వల్ల వేమనకు దక్కిన గౌరవం అది.

ఇక దొర బదిలీల మనిషి. కడపలో పదిహేనెకరాల తోటతో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి నిలబెట్టిన ఆ చోటును జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. అప్పులు చేసి నడిపారు. 1829లో ఆయనను తిరుచిరాపల్లికి పంపారు. 1834లో ఉద్యోగం పోయింది, మరుసటి ఏడు ఇంగ్లండు వెళ్లి, 1838లో తిరిగి వచ్చారు. యజమాని ఇలా ఊళ్లు తిరుగుతుంటే కడపలో కాలేజీ బాధ్యత మోసినవారు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దూరం నుంచి జాబులు, ఇక్కడి నుంచి ప్రతులు. ఏ పద్యం ఎంతవరకు తేలిందో పుస్తకమే చెబుతుంది. పని ఒక మనిషి తలకాయలో ఉండిపోయి ఉంటే, ఆ మనిషి బండెక్కిన రోజే ఆగిపోయేది.

ఎప్పుడో మొదలైన ఈ పనిలోంచి 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర వచ్చాయి. మనుచరిత్రకు వ్యాఖ్య జూలూరి అప్పయ్యది. ఆ కావ్యం రాసిన పెద్దనకు రాయలు ఇచ్చిన కోకట అగ్రహారం మన కడప జిల్లాలోనిదే. మన కవి మాటకు కడపలోనే తూకం పడిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరవండి. ఏ పుటలో ఏ మాట తీసినా ఒకే కట్టుబాటు. తెలుగులో మాట, ఉచ్చారణ, పుట్టుక తెలుగా సంస్కృతమా హిందుస్తానీయా, వ్యాకరణం ప్రకారం ఏమిటి, అర్థం, వాడుక, ఆ వాడుక ఏ గ్రంథంలోదో చెప్పే పొట్టి గుర్తు. వాడుక మాటలకూ కావ్యాల మాటలకూ అదే మర్యాద. అందుకే బ్రౌన్ 1884లో లండన్‌లో కన్నుమూశాక కూడా నిఘంటువు ఆగలేదు. ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం కలిసి సవరించిన కూర్పు 1903లో వచ్చింది. బ్రౌన్ ఎక్కడ ఏం చేశారో వెతుక్కోనక్కరలేకుండా, పాత గళ్లలోనే కొత్త మాటలు నింపగలిగారు.

బ్రౌన్ రాతప్రతులను 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశారు. అవి తర్వాత చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. పరిశోధకుడు బంగోరె లాంటివారు బ్రౌన్ జాబులు వెతికి తీసి అచ్చు వేయకపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బంగళా స్థలంలో గ్రంథాలయం కట్టించకపోతే, ఈ పాటి కథ కూడా మనకు దక్కేది కాదు.

కడప, కర్నూలు నుంచి బెంగళూరుకూ హైదరాబాదుకూ పోయి ప్రొడక్టు టీముల్లో పనిచేసే పిల్లలకు నా మనవి ఒకటే. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి ఒక పూట వెళ్లి రండి. మీ టీముకు ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు బ్రౌన్ పేరుతో ఆగకండి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య, బ్రౌన్‌కు తోడ్పడిన పండితులు వఠ్యం అద్వైతబ్రహ్మయ్యశాస్త్రి, తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, ఈ పేర్లు కూడా పలకండి.