సున్నం కుంచె ఎవరి చేతిలో ఉండేది?

మా పెద్దమ్మాయి రెండు నెలల్లో పురిటికి వస్తోంది. ఈలోగా ఇంటికి రంగులు వేయిద్దామనుకున్నాం. పెయింటర్ వచ్చి గోడలన్నీ తట్టి చూసి, పుట్టీతో కలిపి 48 వేలు అన్నాడు. అతను గేటు దాటాడో లేదో మావారు అందుకున్నారు. "పండక్కి మీ అమ్మగారే ఇల్లంతా సున్నం వేసేవారని చెబుతావుగా, మనం వేసుకోలేమా?"

నిజమే, అమ్మే వేసేది. సంక్రాంతి నెలలో రాతిసున్నం తెప్పించి, పాత గాబులో వేసి నీళ్ళు పోసేది. అది కుతకుతా ఉడుకుతుంటే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. చల్లారాక వడకట్టి, గోడకు పట్టుకోవడానికి కాస్త గంజి, తెల్లగా మెరవడానికి చిటికెడు నీలిమందు కలిపేది. కుంచె కూడా కొన్నది కాదు. మొగలి ఊడ చివర నలగ్గొట్టి చేసుకున్నదే.

ఆ సున్నం కథ చిత్రమైనది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే పొడిసున్నం అవుతుంది. మన పిడుగురాళ్ల ఆ బట్టీలకే పేరు. నీళ్ళు కలిపి గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. దాని ఘాటుకి బూజు, పురుగు తొందరగా చేరవు. అందుకే పండక్కి ఇల్లు అలంకారానికే కాదు, ఆరోగ్యానికీ తెల్లబడేది.

అయితే ఆ ఘాటు చేతుల్నీ వదలదు కదా! అమ్మ వేళ్ళు పగిలిపోయేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. ఆవకాయ కలుపుకుంటే మంటని ఆ నాలుగు రోజులూ చెంచాతో తినేది. "ఖర్చు లేకుండా అయిపోయింది" అని నాన్న అందరితో గొప్పగా చెప్పేవారు.

ఇక కొనే రంగులు మనకి కొత్తవేం కాదు. 1902లోనే హౌరాలో షాలిమార్ పెయింట్స్ మొదలైంది. 1942లో ముంబైలో నలుగురు స్నేహితులు ఏషియన్ పెయింట్స్ పెట్టారు. చేతిలో కుంచె, డబ్బాతో ఉండే గట్టు అనే అల్లరి పిల్లాడి బొమ్మని ఆ కంపెనీకి 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిచ్చారు. మెల్లగా సున్నం పోయి డిస్టెంపర్, ఆ తర్వాత ఎమల్షన్ వచ్చాయి. పాత సున్నం పొడి రాలుతుంటే దాని మీద ఎమల్షన్ నిలవదు, పెచ్చులూడుతుంది. గీకాలి, పుట్టీ పెట్టాలి, రుద్దాలి, ప్రైమర్ వేయాలి. అలా ఇంటి ఆడవాళ్ళ చేతిలోని కుంచె పెయింటర్ల చేతికి వెళ్ళింది. వెళ్ళాకే ఆ పనికి కూలి అనేది ఒకటుందని ఇంట్లో తెలిసింది.

సరే, మేమే మొదలుపెడదామని నేను ఎమరీ పేపర్ తీసుకుని గడప దగ్గర కూర్చున్నాను. మా మామగారు 1986లో కట్టించిన ఇల్లు. ఏటా పసుపు ఆయిల్ పెయింట్ వేసి వేసి గడప మీద పొరలు పేరుకున్నాయి. రెండుసార్లు రుద్దేసరికి పసుపు పొడి లేచింది. అప్పుడు గుర్తొచ్చింది సీసం సంగతి. పాత ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ రంగుల్లో సీసం వాడేవారు. ఇళ్ళకు వేసే పెయింట్లలో అది పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. ఆ దుమ్ము కడుపులోని బిడ్డకీ, పాకే పిల్లలకీ మరీ ప్రమాదం, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రేపు మా మనవడో మనవరాలో మొదట దాటేది ఈ గడపే కదండీ!

వెంటనే ఆపేసి, తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కుని మావారితో కూర్చున్నాను. చివరికి ఇలా తేల్చుకున్నాం. గడపలు, తలుపులు, కిటికీలు, నిచ్చెన ఎక్కాల్సిన బయటి గోడలు పెయింటర్‌కి. పొడిగా రుద్దకుండా నీళ్ళతో తడిపి రుద్దాలని, ముక్కుకి మంచి మాస్కు పెట్టుకోవాలని చెప్పాం. దానికి ఎక్కువయ్యే కూలి మేమే ఇస్తామన్నాం. మా బిడ్డకి వద్దనుకున్న దుమ్ము అతని ఊపిరితిత్తుల్లోకి మాత్రం ఎందుకు పోవాలి? అమ్మాయి ప్రయాణం అదంతా తుడిచి, కడిగి అయ్యాకే. పెచ్చులు లేని రెండు పడకగదుల గోడలు మాత్రం మావి. వాటికి రోలర్ చాలు, నేలమీద నిలబడే వేయొచ్చు.

మొత్తం మీద 17 వేలు మిగిలాయి. మావారు డైరీలో లెక్క రాస్తూ "మన గదులు ఖర్చు లేకుండా అయిపోయాయి" అన్నారు. నేను పెన్ను తీసుకుని ఆ లైను పక్కన "ఇద్దరం, ఆరు రోజులు" అని రాశాను. అమ్మ పేరున అలా ఒక్క సంవత్సరమూ ఎవరం రాయలేదు.

మీ ఇంట్లో సున్నం కుంచె ఎవరు పట్టేవారు?