కోఠీలో మూడు రాత్రులు

పాత స్త్రీల పత్రికలు తిరగేయడానికి కిందటేడు మూడు రోజులు హైదరాబాదులో ఉండాల్సి వచ్చింది. బంధువులింట్లో దిగితే వంటింట్లో చెయ్యి వెయ్యాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అందుకే లాడ్జిలోనే ఉందామనుకున్నాను. ఆటోలవాళ్ళతో బేరాల్లేకుండా నా కాళ్ళ మీద నేను తిరగగలిగే చోటు కావాలి. కోఠీ ఎంచుకున్నాను. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజారులోనే ఉంది. 1891లో ఆసఫియాగా పుట్టిన కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో. దారి పొడుగునా పాత పుస్తకాల దుకాణాలు.

మొదటి లాడ్జిలో కౌంటరు దగ్గర కుర్రాడు నా వెనక్కి తొంగిచూశాడు. "ఒక్కరేనా? సింగిల్ లేడీస్‌కి రూమివ్వం మేడమ్." నాకు యాభై నాలుగేళ్ళు. పక్కన మగవాడుంటే తప్ప నా మర్యాదకి పూచీ లేదన్నమాట.

బ్యాగు మోసుకుంటూ బయటికొస్తే ఎదురుగా ఇదివరకటి మహిళా కళాశాల. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో కట్టించినవాడు కిర్క్‌పాట్రిక్. అతని భార్య ఖైరున్నీసా జనానాలో ఉండేది. ఘోషా వల్ల ఆమె ముందువైపుకి వచ్చి ఆ భవనాన్ని చూడలేకపోయిందని, అందుకే ఆమె కోసం దాని నమూనా ఒకటి చిన్నగా తోటలో కట్టించాడని చెబుతారు. తన ఇంటి చుట్టూ తాను నడవలేని మనిషికి బొమ్మ ఇల్లు! 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి వచ్చింది. ఆమె చూడలేని ఆ మెట్లని వేలమంది ఆడపిల్లలు ఎక్కి దిగారు.

కాస్త దూరంలో వివేకవర్ధిని. 1921 నవంబరులో కర్వే అధ్యక్షతన అక్కడ సంఘ సంస్కరణ సభ జరిగింది. స్త్రీల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మనిషాయన. ఆ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఈ కథ మనకి బాగా తెలుసు. కానీ మహాసభతో పాటు మహిళాసభ జరగడానికి 1930 దాకా ఆగాల్సి వచ్చింది. అది జోగిపేటలో, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన. భాషకి జరిగిన అవమానం ఆ రాత్రే అర్థమైంది. ఆడవాళ్ళకి వేదిక లేకపోవడం అర్థం కావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

చివరికి ప్రసూతి ఆసుపత్రి దగ్గర్లో రూము దొరికింది. రిజిస్టరులో 'తండ్రి/భర్త పేరు' అన్న గడి ఖాళీగా వదిలేశాను. మేనేజరు రెండుసార్లు చూసి ఏమీ అనకుండా తాళంచెవి ఇచ్చాడు.

ఆ వీధి మంచిదని రాత్రి తెలిసింది. పదింటికి కూడా మందుల షాపులు తెరిచే ఉన్నాయి. కాన్పుకొచ్చిన పిల్లల తల్లులు, అత్తలు ఫ్లాస్కులు పట్టుకుని టీ కోసం వస్తున్నారు. నేనూ వాళ్ళ పక్కన నిలబడి టీ తాగాను. ఎవరూ నన్ను వింతగా చూడలేదు. నడవదగ్గ పేట అంటే గ్రంథాలయం ఎంత దూరమో లెక్కేసుకున్నాను గానీ, రాత్రి పూట రోడ్డు మీద ఎందరు ఆడవాళ్ళుంటారో ముందు చూసుకోవాల్సింది. కాకపోతే వాళ్ళంతా ఎవరికో సేవ చేయడానికి వచ్చినవాళ్ళు. ఏ పనీ లేకుండా ఊరికే నడవడానికి వచ్చిన ఆడమనిషి మాత్రం ఆ మూడు రాత్రుల్లో నాకు కనిపించలేదు.

నాలుగో రోజు పొద్దున ఇమ్లీబన్ బస్టాండుకి నడిచే వెళ్ళాను.