భవిష్యనిధిలో వేతన పరిమితి: చారిత్రక పరిణామం

మీలో ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్నవారు జీతపు చీటీని ఒకసారి తీసి చూడండి. పి.ఎఫ్. కోత రూ. 1,800 అని ఉందా? మూలవేతనం ఇరవై వేలైనా, ముప్పై వేలైనా చాలామందికి కోత అంతే. అది రూ. 15,000లో 12 శాతం. ఈ పదిహేను వేల పరిమితి 2014లో వచ్చింది. దాని మూలం మాత్రం 1952లో ఉంది.

ఉద్యోగుల భవిష్యనిధి 1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1952లో చట్టమైంది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్, ఇనుము ఉక్కు, కాగితం, వస్త్ర పరిశ్రమలు, అందులోనూ 50 మందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీలు మాత్రమే దీని పరిధిలోకి వచ్చాయి. సిర్పూర్ కాగితపు మిల్లు, వరంగల్ ఆజంజాహీ మిల్లు ఈ జాబితాలోని పరిశ్రమలకు చెందినవే. కార్మికుడు 6.25 శాతం, అంటే ఆనాటి లెక్కలో రూపాయికి ఒక అణా, చెల్లిస్తే యజమాని మరో అణా కలిపేవాడు. నెల జీతం రూ. 300 దాటినవారికి సభ్యత్వం తప్పనిసరి కాదు. పై జీతగాడు తన ముసలితనాన్ని తానే చూసుకోగలడన్నది దీని వెనుకనున్న ఊహ. ఆ రోజులకు అది అసంగతమేమీ కాదు.

ఆ పరిమితి 1957లో రూ. 500, 1962 చివర రూ. 1,000 అయింది. తరువాత పద్నాలుగేళ్ల పాటు కదలలేదు, 1976లో రూ. 1,600 చేశారు. 1985, 1990, 1994 సంవత్సరాల్లో వరుసగా రూ. 2,500, 3,500, 5,000కు చేరింది. 2001లో రూ. 6,500 అయ్యాక మళ్లీ పదమూడేళ్ల విరామం. కరువు భత్యం ధరల సూచికను బట్టి పెరుగుతుంది. ఈ పరిమితికి అలాంటి ముడి లేదు. దీన్ని పెంచడానికి పార్లమెంటు కూడా అక్కరలేదు, కేంద్రం గెజిట్ ప్రకటన చాలు. మరి ఇంత ఆలస్యం ఎందుకో మీరు అడగవచ్చు.

జవాబులో కొంత భాగం ఖజానాలో ఉంది. 1971 కుటుంబ పింఛను పథకంతో ప్రభుత్వం కూడా వేతనంలో 1.16 శాతం చెల్లించడం మొదలుపెట్టింది. 1995 పింఛను పథకంలోనూ ఆ వాటా కొనసాగింది, అదీ పరిమితి మేరకే. కాబట్టి పరిమితి పెరిగితే ప్రభుత్వ ఖర్చు, యజమాని ఖర్చు రెండూ పెరుగుతాయి. కార్మిక సంఘాల డిమాండు ఒకవైపు, ఈ రెండు బరువులు మరోవైపు.

నష్టం ఎక్కడ పడుతుందో లెక్క వేయండి. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను నిధికి వెళుతుంది, రూ. 15,000పై అది రూ. 1,250. పింఛను సూత్రం ప్రకారం వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. పరిమితి మేరకే చెల్లించి 35 ఏళ్ల సర్వీసు చేసినవారికి వచ్చేది నెలకు రూ. 7,500.

2014 సెప్టెంబరు 1 నాటి సవరణ మరో మార్పు తెచ్చింది. ఆ తేదీ తరువాత రూ. 15,000కు మించిన వేతనంతో తొలిసారి చేరినవారికి పింఛను పథకంలో ప్రవేశమే లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సవరణలను ప్రధానంగా సమర్థించింది. 2024 నాటికి ఢిల్లీలో నైపుణ్యం లేని కార్మికుని చట్టబద్ధ కనీస వేతనమే ఈ మొత్తాన్ని దాటిపోయింది. 1952లో పై జీతగాడిని వేరు చేసిన పరిమితి అక్కడ ఆ కార్మికుని తలకన్నా కిందికి వచ్చింది.