బోధన్ పేజీ వెనక మూసలు

తెలుగు వికీపీడియాలో మా బోధన్ పేజీ తెరవండి. పక్కన వివరాల పెట్టె ఉంటుంది కదా, అది మూస. అంటే మాక్రోనే!

మూస ఎవరైనా రాయొచ్చు, నడిచేది మాత్రం వికీ సర్వర్ మీద. ఎవడో తనని తానే పిలుచుకునే మూస రాస్తే? మీడియావికీ పసిగట్టి ఆపేస్తుంది. 2006లో పార్సర్ ఫంక్షన్లతో మూసల్లోకి ‘ఇఫ్’లొచ్చాయి, పెద్ద పేజీలు నత్తనడక పట్టాయి. 2013లో లువా భాష తెచ్చారు. పేజీకి 10 సెకన్లు, 50 మెగాబైట్లు, అంతే. సర్వర్లో ఫైళ్ళు ముట్టుకోనివ్వరు.

చిన్నప్పుడు శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో చెరకు ట్రాక్టర్ ఎవరిదైనా కాటా ఎక్కాల్సిందే. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది గానీ సూత్రం పాతబడలేదు: మనిషిని అనుమానించక్కర్లేదు, కాటా ఉండాలి.

యూజర్ రాసిన కోడ్ నడిపే మీ సిస్టంలో కాటా ఉందా? ఓసారి చూసుకోండి.