పానకాలస్వామీ, గోల్డు కార్డూ

మా మంగళగిరి కొండ మీది పానకాలస్వామి గురించి విననివాళ్ళు తెలుగువాళ్ళలో తక్కువ. బిందెడు బెల్లప్పానకం పట్టుకెళ్తే పూజారిగారు శంఖంతో స్వామి నోట్లో పోస్తారు. గుటగుటమని చప్పుడు వినిపిస్తుంది. సగం అయ్యేసరికి ఆ చప్పుడు ఆగిపోతుంది, మిగతా సగం మనకి ప్రసాదం. బిందె పోసినా, చెంబు పోసినా లెక్క అదే అంటారు. ఒకసారి మా ఆఫీసులో పనిచేసే కుర్రాణ్ణి తీసుకెళ్తే అంతా శ్రద్ధగా చూసి, "యాభై శాతం క్యాష్‌బ్యాక్ అన్నమాట!" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఎందుకంటే అప్పటికి నా పర్సులో ఒక ఎయిర్‌లైన్ గోల్డు కార్డు, ఒక హోటల్ గ్రూపు కార్డూ ఉన్నాయి. మన ఫీల్డులో తిరిగేవాళ్ళందరికీ ఈ పిచ్చి ఎంతో కొంత ఉంటుంది. అసలు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చూద్దాం.

1978లో అమెరికాలో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అంతవరకూ ఎవరి విమానం ఎక్కినా టికెట్ ధర దాదాపు ఒకటే. ఒక్కసారిగా పోటీ మొదలయ్యేసరికి కస్టమర్ చెయ్యి జారిపోకుండా పట్టుకోవడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే చిన్న ఎయిర్‌లైన్ మైళ్ళు లెక్కగట్టి బహుమతులివ్వడం మొదలుపెట్టింది. దాన్ని పెద్ద ఎత్తున చేసింది మాత్రం అమెరికన్ ఎయిర్‌లైన్స్, 1981 మే 1న, అడ్వాంటేజ్ పేరుతో. కొద్దిరోజుల్లోనే యునైటెడ్ వాళ్ళు మైలేజ్ ప్లస్ తెచ్చారు. 1983కల్లా హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు కూడా దిగిపోయాయి.

ఇందులో మనవాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది. అమెరికన్ వాళ్ళ దగ్గర సేబర్ అనే రిజర్వేషన్ సిస్టమ్ ఉండేది. తరచుగా ప్రయాణించేవాళ్ళు ఎవరో వాళ్ళకి పేరుపేరునా తెలీదు. ఏం చేశారంటే, బుకింగుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే ఫోన్ నంబర్లు వెతికారు. అలా తేలిన లక్షా 30 వేల మందినీ, తమ లాంజ్ క్లబ్బులోని 60 వేల మందినీ మొదటి సభ్యులుగా చేర్చేశారు. అంటే ఈ వ్యాపారమంతా ఒక 'గ్రూప్ బై' క్వెరీతో పుట్టిందన్నమాట. మనమేమో ఎయిర్‌లైన్ మనల్ని గుర్తించి గౌరవించింది అనుకుంటాం. గుర్తించింది డేటాబేసు!

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడాలి. పాయింట్లు వేరు, హోదా వేరు. పాయింట్లు డబ్బులాంటివి, ఖర్చుపెడితే అయిపోతాయి. హోదా అలా కాదు. విడి క్యూ, ముందు బోర్డింగ్, లాంజ్‌లో ఇడ్లీ, కౌంటర్లో పేరుపెట్టి పలకరింపు. దాన్ని ఖర్చుపెట్టలేం, నిలబెట్టుకోవాలి, అదీ ఏడాదికోసారి. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మెట్లు కట్టింది ఇందుకే. పాయింట్ల కోసం మనిషి లెక్కలేసుకుంటాడు. హోదా కోసం లెక్కలు మర్చిపోతాడు.

మరి దీనికి డబ్బు కట్టేదెవరు? సాధారణంగా మనం కాదు. టికెట్ కంపెనీ కొంటుంది, ఆ ఖర్చు క్లయింట్ మీద పడుతుంది, మైళ్ళు మాత్రం మన ఖాతాలో జమ. వందో రెండొందలో ఎక్కువైనా మన ఎయిర్‌లైనే బుక్ చేస్తాం, పోయేది మన జేబులోంచి కాదు కదా! ఎయిర్‌లైన్లకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. దీని మీద పెద్ద గొడవలే అయ్యాయి. 2002లో జర్మనీలో ప్రభుత్వ ప్రయాణాల మైళ్ళు సొంతానికి వాడుకున్నందుకు బెర్లిన్ మంత్రి గ్రెగోర్ గీజీ పదవి వదులుకున్నాడు. అదే ఏడాది అమెరికా పన్నులశాఖ మాత్రం ఉద్యోగ ప్రయాణాల్లో వచ్చిన మైళ్ళ మీద పన్ను వెయ్యబోమని చెప్పేసింది. ఉద్యోగులంతా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఉద్యోగుల్లో మనవాళ్ళు బోలెడుమంది. వై2కే రోజుల్లోనూ ఆ తరవాతా శాప్, ఒరాకిల్ కన్సల్టెంట్లుగా వెళ్ళిన తెలుగువాళ్ళ జీవితం సోమవారం తెల్లారుజామున విమానంతో మొదలై గురువారం రాత్రి విమానంతో ముగిసేది. మూడు రాత్రులు హోటల్లో. రైస్ కుక్కర్ సూట్‌కేసులోనే. ఇంట్లో పిల్లలు శుక్రవారానికి నాన్నని గుర్తుపడితే గొప్ప. అలా పోగేసిన మైళ్ళతో ఏం చేశారు? చాలామంది అమ్మానాన్నలకి టికెట్లు తీశారు. గన్నవరం చుట్టుపక్కల పల్లెల నించి మొదటిసారి విమానమెక్కి, మనవడి పురిటికి అమెరికా వెళ్ళిన అమ్మమ్మలు ఎంతమందో. వాళ్ళలో కొందరి టికెట్టు వెనక అల్లుడుగారి ఏడాది సోమవారాలున్నాయి. ఈ మైళ్ళని నేను పూర్తిగా వెక్కిరించలేకపోవడానికి కారణం ఇదే.

హోదా సంగతి వేరు. అది చూడాలంటే మళ్ళీ మంగళగిరి రావాలి.

కొండ కింది గుళ్ళో ఒక రాతి స్తంభం మీద 1520 నాటి శాసనం ఉంది. కృష్ణదేవరాయల కాలం, తిమ్మరుసు 1515లో కొండవీడు గెలిచిన సంగతీ, గుడికి చేసిన భూదానాలూ అందులో చెక్కించారు. అదే గుడికి గాలిగోపురం కట్టించింది అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1807-09లో. 11 అంతస్తులు, 153 అడుగులు. మన ఊళ్ళలో హోదా సంపాదించే పద్ధతి అప్పట్లో ఇదీ: దేవుడికి ఇవ్వు, గుడి నీకు మర్యాద ఇస్తుంది. మొదటి తీర్థం, పరివట్టం, ఉత్సవంలో ముందు వరస. ఏ ఎయిర్‌లైన్ లాంజ్ దీనికి సాటి రాదు. దానశాసనాల్లో తరచు కనిపించే మాట ఒకటుంది, 'ఆచంద్రార్కం'. సూర్యచంద్రులున్నంత కాలం అని. గడువు తేదీ లేని కార్డన్నమాట!

నిజంగా గడువు లేదా? గుళ్ళలో వంశపారంపర్యంగా వస్తున్న అర్చక, మిరాసీ, ధర్మకర్తల హక్కుల్ని 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దుని సమర్థించింది. 2007లో అర్చకుల విషయంలో చట్టాన్ని మళ్ళీ సవరించారు. ఆ రద్దు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేదొకటే. రాతి మీద చెక్కినదానిక్కూడా టర్మ్స్ అండ్ కండిషన్స్ ఉన్నాయి, వాటిని మార్చే అధికారం పుచ్చుకున్నవాడి చేతిలో లేదు.

రాతికే దిక్కు లేకపోతే ప్లాస్టిక్ కార్డుకేముంది? అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో రెండున్నర లక్షల డాలర్లకి జీవితాంతం ఫస్ట్ క్లాస్‌లో తిరగగలిగే పాసు అమ్మింది. బాగా వాడుకున్న కొందరి పాసుల్ని, దుర్వినియోగం చేశారంటూ 2008లో రద్దు చేసింది, వ్యవహారం కోర్టుకెక్కింది. 1999లో కాలిఫోర్నియాలో ఒకాయన 12,150 కప్పుల పుడ్డింగ్ 3,140 డాలర్లకి కొని, వాటి మీది ఆఫర్‌తో 12 లక్షలకి పైగా మైళ్ళూ, జీవితకాలపు గోల్డు హోదా సంపాదించాడు. అలాంటి కన్నాలు కంపెనీలు ఎన్నాళ్ళు ఉంచుతాయి? 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్, ఎంత దూరం ఎగిరావన్న లెక్క మాని ఎంత డబ్బు పెట్టావన్న లెక్కతో మైళ్ళివ్వడం మొదలుపెట్టాయి. మన దగ్గర కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది. జెట్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. కింగ్‌ఫిషర్, జెట్ ప్లాటినం వాళ్ళు ఎవరి క్యూలో ముందు నిలబడాలి?

ఇంకా విచిత్రం 2020లో జరిగింది. కరోనాకి విమానాలన్నీ నేల మీదుంటే, యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ పథకం విలువ 2,190 కోట్ల డాలర్లని లెక్క చెప్పింది. స్టాక్ మార్కెట్లో మొత్తం కంపెనీ విలువ అప్పుడు అందులో సగం చుట్టుపక్కలే! తాకట్టు పెట్టింది ఏమిటనుకున్నారు? బ్యాంకులు క్రెడిట్ కార్డుల కోసం మైళ్ళు కొంటూ కట్టే డబ్బుని. ఇంకోలా చెప్పాలంటే, మన ఆశని.

పానకాలస్వామి స్థలపురాణం ఇంకోలా ఉంటుంది. కృతయుగంలో స్వామికి అమృతం పోశారట, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు. కలియుగంలో బెల్లం నీళ్ళు చాలు. అంటే యుగయుగానికీ అర్హత తగ్గిస్తూ వచ్చారు, తిరిగిచ్చే సగం మాత్రం అలాగే ఉంది. ఎయిర్‌లైన్లు సరిగ్గా దీనికి తలకిందులు.

నా గోల్డు కార్డు కథ చెప్పి ముగిస్తాను. హైదరాబాదులో ఉంటూ రెండేళ్ళు ప్రతి వారం ఢిల్లీ తిరిగి సంపాదించినది. రెండో ఏడు ప్రాజెక్టు మధ్యలో ఆగింది, మార్చి 31 లోపల ఇంకో రెండు ప్రయాణాలు తక్కువపడ్డాయి. అప్పుడే నాన్నగారు ఫోన్ చేశారు. "ఏరా, తిరనాళ్ళకి వస్తున్నావా? పౌర్ణమికి రథం. ఈసారి కొండ కూడా ఎక్కుదాం." పనుందని చెప్పాను. ఆ శని, ఆదివారాలు సొంత డబ్బుతో ఢిల్లీ వెళ్ళి, లాంజ్‌లో కాఫీ తాగి, ఇంకో విమానంలో తిరిగొచ్చాను. గోల్డు నిలబడింది. మరుసటేడు తిరనాళ్ళకి వెళ్ళాను కానీ నాన్నగారికి మోకాళ్ళు పట్టేశాయి. 1890లో చన్నాప్రగడ బలరామదాసుగారు కట్టించిన మెట్ల దగ్గర, కింద అరుగు మీద కూర్చుని, "నువ్వెళ్ళి రా, ప్రసాదం పట్రా" అన్నారు. ఆ మెట్లు ఎక్కేవాడి హోదా ఏమిటని ఎవరూ అడగరు. నేనొక్కణ్ణే ఎక్కాను.

ఆ ఏడాది మార్చిలో గోల్డు పోయింది. నాకు తెలియను కూడా తెలియలేదు, ఏప్రిల్లో మెయిలొస్తే చూశాను.

అందుకని కుర్రాళ్ళకి చెప్పేదొకటే. పాయింట్లు వస్తే పుచ్చుకోండి, దాచకుండా అమ్మానాన్నల టికెట్లకి వాడెయ్యండి. హోదా ఇస్తే అనుభవించండి. అది నిలబెట్టుకోవడానికి మాత్రం ఒక్క శనివారం కూడా పెట్టకండి. ఆ సగం ఎవరూ తిరిగివ్వరు.